సేవకిచ్చిన బిడ్డ

నాకు మూడేళ్ల వయసులో జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయట. ఎమ్మిగనూరు నుంచి ఆదోని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు ఏ మాటా గట్టిగా చెప్పలేకపోయేసరికి మా అమ్మ వరండాలో నన్ను ఒళ్లో వేసుకొని కూర్చొని, "తండ్రీ, వీణ్ని బతికిస్తే నీ సేవకే ఇచ్చేస్తా" అని మొక్కుకుంది. నేను బతికాను. అప్పటినుంచి మా చర్చి సంఘంలో అందరికీ నేను సేవకిచ్చిన బిడ్డను.

సేవ అంటే మాలో పాస్టరు పని. నాకు ఊహ తెలిసేసరికే నేనేమవుతానో తేలిపోయింది. ఆదివారం బడిలో వాక్యాలు తప్పుల్లేకుండా అప్పజెప్తే, "ఏమప్పా చిన్న పాస్టరూ!" అంటూ పెద్దవాళ్లు బుగ్గ గిల్లేవారు. నాకది బాగానే ఉండేది. చెల్లెలు పక్కనే కూర్చొని అవే వాక్యాలు చెప్పేది. దాన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఇంటర్ అయ్యాక నన్ను బైబిలు శిక్షణకు పంపారు. అక్కడ ఒక సాయంత్రం ప్రతి విద్యార్థీ తన పిలుపు గురించి, అంటే దేవుడు తనను సేవకు ఎలా పిలిచాడో, సాక్ష్యం చెప్పాలన్నారు. ఒకడు తాగుడు మానిన సంగతి చెప్పాడు. ఇంకొకడు పొలంలో నీళ్లు కడుతుంటే ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయిందన్నాడు. నా వంతు వచ్చినప్పుడు ఆసుపత్రి వరండా సంగతి చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. మా ఉపాధ్యాయుడు మాత్రం తర్వాత నన్ను పక్కకు పిలిచి, "అది మీ అమ్మ చేసిన ప్రార్థన బాబూ. దేవుడు నీతో ఏమన్నాడు?" అని అడిగాడు. ఆయన గొంతులో మందలింపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆ ఏడాదంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాను. ఉపవాసాలున్నాను. మోకాళ్లు తిమ్మిరెక్కేదాకా ప్రార్థన చేశాను. ప్రసంగం ఎలా తయారుచేసుకోవాలో నేర్చుకున్నాను, మార్కులూ బాగానే వచ్చాయి. కానీ మనుషుల ముందు నిలబడి "దేవుడు నన్ను పంపాడు" అనాల్సిన చోట ఆ మాట దాటేసి ముందుకు పోయేవాణ్ని. పరీక్షలు కాగానే పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేశాను.

అమ్మ జొన్నరొట్టెలు తడుతోంది. ఇక వెనక్కి పోనని చెప్పాను. పిండి చేతులతోనే నా వైపు తిరిగింది.

"దేవునికి మాటిచ్చినా గదరా! ఇప్పుడు ఏం మొగం పెట్టుకోని మోకరించల్ల నేను?"

కొన్నాళ్లకు నన్ను వెంటబెట్టుకొని మా పాస్టరయ్య దగ్గరికి పోయింది. ఆయన అప్పటికే ముసలివాడు, గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు.

"అయ్యా, నా మొక్కు తప్పిపాయ. ఏం సెయ్యల్ల?" అంది.

"నువ్వు దేవునికి ఇచ్చినావా, ల్యాదామ్మా?"

"ఇచ్చినా."

"ఇచ్చినంక వాడు నీ సేతిలో లేడు గదా. యాడ పెట్టుకుంటాడో ఆయన ఇష్టం. పాస్టరుగానే పెట్టుకోవల్లని నువ్వెట్ల సెప్తావు?"

అమ్మకు ఆ మాట నచ్చలేదు. "ఆయనకేం, ఎన్నైనా సెప్తాడు" అని దారిపొడవునా గొణుగుతూనే వచ్చింది.

నేను బస్సు కండక్టరునయ్యాను. ఎమ్మిగనూరు, ఆదోని మధ్య తిరిగేవాణ్ని. శ్రావణమాసం వస్తే ఉరుకుంద గుడికి పోయే ఈరన్న స్వామి భక్తులతో బండి కిక్కిరిసిపోయేది. ఆ పని నాకు ఇష్టం. అయినా ఆదివారం ఆరాధనలో "దేవుడు పిలిచిన సేవకులు" అన్న మాట వినిపిస్తే చాలు, తల దానంతటదే కిందికి వంగేది.

చెల్లెలు ఇంట్లోనే మిషను పెట్టుకొని జాకెట్లు కుట్టేది. సంబంధాలు ఒకటి రెండు తప్పిపోయాక పెళ్లి మాట అదీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు చాలాసేపు కూర్చొనేవారు. మొగుడి సంగతి, అత్త సంగతి, కడుపు నిలవని సంగతి చెప్పుకొనేవారు. అది మిషను ఆపి వినేది. లేచేటప్పుడు కొందరు, "నా కోసరం ఒక మాట ప్రార్థన సెయ్యక్కా" అనేవారు. వాళ్లలో మసీదు వీధి ఆడవాళ్లుండేవారు, ఈరన్నకు మొక్కేవాళ్లూ ఉండేవారు.

ఒకరోజు అది నాకు అన్నం పెడుతూ, "అన్నా, నన్ను పిలిచినాడు అనిపిస్తాంది" అంది. పెద్దకడుబూరు వైపు ఒక పల్లెలో రేకుల షెడ్డులో కూడుకునే చిన్న సంఘానికి పాస్టరు లేడు. అక్కడి ఆడవాళ్లు దాన్ని రమ్మంటున్నారట.

"నీకెట్ల తెలుసు? ఏమన్నా ఇనపడిందా?" అన్నాను. నా గొంతులోని అసూయ నాకే తెలిసింది.

"ఏమీ ఇనపళ్లేదన్నా. ఆడికి పోకుంటే నాకు మనసు నిలబడ్డంల్యా. అంతే."

ఆడమనిషి వాక్యం చెప్పడమేమిటని సంఘపెద్దలు అభ్యంతరం చెప్పారు. అమ్మ కూడా వాళ్లతోనే గొంతు కలిపింది. చెల్లెలు వాదించలేదు. "నేను పీఠమెక్కను, కింద కుచ్చోనే సెప్తా" అంది. ప్రతి ఆదివారం ఆ పల్లెకు పోసాగింది.

ఆ ఏడు వానల్లేవు. పత్తి మోకాలెత్తు కూడా పెరగకుండానే ఎండింది. క్రిస్మస్ కాగానే ఆ పల్లె పల్లెంతా సుగ్గికి కదిలింది. సుగ్గి అంటే మా వైపు కోతల కాలపు వలస. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీల్లో పోతారు. షెడ్డుకు తాళం పడింది. చెల్లెలు ఇక ఇంటిపట్టున ఉంటుందనుకున్నాం. అది మిషను మీద గుడ్డ కప్పి, సంచిలో చీరలు సర్దుకుంది.

"యాడికే?" అంది అమ్మ.

"సంఘం యాడికి పోతే ఆడికి."

"మిరపకాయలు తెంపేదానికా? దేవుడు నిన్ను కూలికి పిలిచినాడా?"

"వాళ్లు కూలికి పోతాంటే, నేనీడ కుచ్చోని ఎవురికి సెప్పల్లమ్మా వాక్యం?"

లారీ ఎక్కి వాళ్లతోపాటు పోయింది.

కొన్ని వారాల తర్వాత సెలవు పెట్టి చూడబోయాను. పొలం గట్టున ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న గుడారాలు. చెల్లెలు ఎండకు నల్లబడింది. మిరప మంటకు వేళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం పని ఆగాక అందరూ ఒక పట్టా నీడన కూడారు. అందరూ చప్పట్లు కొడుతుంటే అది చేతులు ఒళ్లో పెట్టుకొని పాడింది. చెప్పిన వాక్యం చాలా చిన్నది. ఎక్కువసేపు ఒక్కొక్కరినీ పలకరించడమే సరిపోయింది. ఊళ్లో వదిలి వచ్చిన బిడ్డ ఫోన్ చేసిందా, నడుమునొప్పి తగ్గిందా అని అడగడం, విన్నాక వాళ్ల కోసం నాలుగు మాటలు ప్రార్థన చేయడం. నా పక్కనున్న ఆమె నాతో మెల్లగా అంది: "మా పక్క సాల్లోనే తెంపుతాదప్పా మీ సెల్లెలు. మేము అలిసిపోయినామని ఆయమ్మకు సెప్పే పన్ల్యా."

సాయంత్రం అది వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటుంటే, ఎన్నేళ్లుగానో మనసులో ఉన్నది అడిగేశాను. "నిన్ను పిలిచినాడు. మరి నన్నెందుకు పిలవలేదు?"

"పిలవలేదని నీకెవురు సెప్పినారు?"

"నాకు తెలీదా?"

"ముసలోళ్లు ఎక్కి కుచ్చునేదాకా నువ్వు బండి కదలనియ్యవంట గదా. జాకెట్లకొచ్చేవాళ్లు సెప్తాంటారు."

"అది డ్యూటీ."

"నాదీ డ్యూటీనే లేన్నా."

ఆ మాటతో నా అనుమానం తీరిపోయిందని చెప్పలేను. ఒక సంఘాన్ని మోయడానికి వచ్చే పిలుపు వేరు, మనిషి రోజూ చేసుకునే పని వేరు అని ఇప్పటికీ అనుకుంటాను. కాకపోతే పిలుపంటే చెవికి వినబడాల్సిందే అని ఎదురుచూడటం మానేశాను. చెల్లెలికేమీ వినబడలేదు. మనుషులు రమ్మన్నారు, అది పోయింది.

ఉగాదికి వాళ్లంతా తిరిగి వచ్చాక మా పాస్టరయ్య చెల్లెల్ని ఆరాధనలో ముందుకు పిలిచి, తలమీద చేతులుంచి సేవకు ప్రతిష్ఠించాడు. ఒక సంఘపెద్ద లేచి బయటికి పోయాడు. ఆయన ఇప్పుడు వేరే చర్చికి పోతున్నాడు. అమ్మ వెనక వరసలో కూర్చొని ఉండిపోయింది. నేను రిటైరయ్యాకైనా పాస్టరునవుతానేమోనన్న ఆశ మాత్రం ఆమెకు పోలేదు.

పోయిన ఏడు కూడా సుగ్గి తప్పలేదు. ఆసారి అమ్మే, "నన్నూ తోల్కపోరా, సూసొస్తా" అంది. గుడారంలో ఆమెను మధ్యలో కూర్చోబెట్టారు. పాటలయ్యాక చెల్లెలు, "మా, నువ్వు ప్రార్థన సెయ్యి" అంది. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది.

"తండ్రీ, మా పక్క వాన కురిపీ. వచ్చే ఏటికి వీళ్లెవురూ ఈడికి రాకుండా సెయ్యి."

అంత గట్టిగా ఆమేన్ అనడం నేను ఏ చర్చిలోనూ వినలేదు. ఒక ముసలామె దగ్గరికి జరిగి అమ్మ చేయి పట్టుకొని, ఆ మాటే దేవుణ్ని ఇంకొకసారి అడగమంది. అమ్మ మళ్లీ కళ్లు మూసుకుంది.