నీళ్లు తాగని జీపు

మా వదిన జీపు కొన్నది చెరువు గట్లు ఎక్కడానికి. కంకిపాడు దాటి లోపలికి వెళ్తే అన్నయ్య, వదిన సాగు చేసే చేపల చెరువులు వస్తాయి. వానాకాలంలో ఆ నల్లమట్టి గట్ల మీద మోటారు సైకిలు కూడా కూరుకుపోతుంది. అందుకని నాలుగు చక్రాలూ లాగే పాత డీజిల్ జీపొకటి వెతికి, తనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చుకుంది. బెజవాడలో ఉద్యోగం చేసే నేను సెలవు రోజుల్లో వాళ్లింటికి వెళ్తుండేదాన్ని. జీపు వచ్చాక ఒక్క వారం కూడా మానలేదు.

మొదటి వానాకాలంలోనే అది మూలగడం మొదలుపెట్టింది. వెనక ఇరుసు నుంచి సన్నగా ఈల లాంటి చప్పుడు. ఆటోనగర్ తీసుకెళ్లాం. ఇరుసు మధ్యలో బూరెలా ఉబ్బిన ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. దాని లోపల పళ్లచక్రాలు నూనెలో మునిగి తిరుగుతుంటాయి. మెకానిక్ కింది బోల్టు విప్పాడు. తేనె రంగులో జారాల్సిన నూనె, పాలు ఎక్కువైన టీలాగా కారింది.

“నీళ్లు తాగిందండీ. ఎక్కడన్నా దించారా?” అన్నాడు.

“పంటకాలవ దాటించాను. చక్రం సగానికి కాస్త పైదాకా మునిగింది, అంతేనండీ,” అంది వదిన.

నూనె మార్చి, నీళ్లు చొరనివ్వని రబ్బరు సీళ్లు కొత్తవి వేశాడు. నెల తిరక్కుండా మళ్లీ ఆటోనగర్, మళ్లీ అదే టీ. ఈసారి వదిన చీర కుచ్చిళ్లు దోపుకుని తనే జీపు కిందికి దూరింది. టార్చి వెలుగులో పెట్టెను తడిమి, అక్కడి నుంచే అరిచింది.

“అమ్మాయ్! దీని నెత్తిన చిన్న టోపీ ఉందేంటి?”

“బ్రీదరండీ అది. లోపల వేడెక్కితే గాలి బయటికి పోవడానికి,” అన్నాడు మెకానిక్.

“మరి చల్లారితే?”

నాకు నా అన్నం డబ్బా గుర్తొచ్చింది. పొద్దున పొగలు కక్కే అన్నం పెట్టి మూత బిగిస్తే, మధ్యాహ్నానికి ఆ మూత లోపలికి పీక్కుపోయి ఆఫీసులో ఇద్దరం పట్టి లాగినా ఊడిరాదు. దారంతా తిరిగి వేడెక్కిన ఇరుసును చల్లటి కాలవలో దించితే లోపలి గాలి అలాగే కుంచించుకుపోతుంది. ఆ గుంజుడుకి పక్కన గాలి ఉంటే గాలి వస్తుంది, నీళ్లుంటే నీళ్లు వస్తాయి. అదే చెప్పాను.

“అయితే దీని ముక్కు నీళ్ల పైకి పెట్టేద్దాం!” అంది వదిన, జుట్టునిండా మడ్డితో బయటికొస్తూ. మెకానిక్‌కి కూడా హుషారొచ్చి, ఇరుసులకీ గేరుబాక్సుకీ ఉన్న టోపీల స్థానంలో బిగించే గొట్టపు ముక్కలు, డీజిల్ తట్టుకునే రబ్బరు పైపు, క్లిప్పులు ఎక్కడ దొరుకుతాయో చెప్పి పంపాడు.

ఆ ఆదివారం మాకు పండగే. ముందు ఇరుసు పైపును ఇంజను పక్కగా బానెట్ కిందికంటా తెచ్చాం. వెనకదాన్ని టాపు కమ్మీ వెంట పైకి కట్టాం. గేరుబాక్సుకి, నాలుగు చక్రాలకీ బలం పంచే పెట్టెకీ కలిపి ఇంకోటి. గతుకుల్లో ఇరుసు ఎగిరిపడినా తెగకుండా పైపును కాస్త వదులుగా ఉంచాం. చివర వాన పడకుండా కిందికి వంచాం. తర్వాత నేను జీపు కింద పడుకుని అతుకుల మీద సబ్బునురగ పూస్తే, వదిన పైనుంచి పైపులో బుగ్గలు పూరించి ఊదింది. ఒకచోట బుడగ లేచింది. క్లిప్పు బిగించి మళ్లీ ఊదించాను. లేవలేదు. ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం. అన్నయ్య వసారాలోంచి చూసి, “జీపుకి సెలైను పెడుతున్నారా?” అని నవ్వాడు.

ఆ తర్వాతి తుపానుకి వానలు విడవకుండా కురిశాయి. ఎండ మొహం లేకపోతే చెరువు నీళ్లలో గాలి తగ్గిపోతుంది. ఆ శనివారం రాత్రి అన్నయ్య చెరువు దగ్గరే ఉండిపోయాడు. తెల్లవారుతుండగా ఇంట్లో ఉన్న నాకూ వదినకీ ఫోను.

“చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కరెంటు లేదు, గాలి మిషన్లు తిరగట్లా. మురుగుకాలవ పొంగి చప్టా మునిగింది. మీరు రామాకండి, నేను పడవ కోసం చూస్తన్నా.”

“పడవలో జనరేటర్ ఎక్కుద్దా?” అంది వదిన. రిపేరుకని తెచ్చిన జనరేటర్ బాగై వాళ్లింట్లోనే ఉంది. ఊళ్లో ట్రాక్టర్లన్నీ పల్లపు వీధుల జనాన్ని తరలించడానికి పోయాయి. పక్కింటివాళ్ల సాయంతో జనరేటర్‌ని జీపులో ఎత్తుగా పేర్చిన చెక్కల మీదికెక్కించి, తాళ్లతో బిగించి బయల్దేరాం.

కాలవ దాటే ఆ పల్లపు చప్టా దగ్గర రోడ్డు లేదు, గోధుమరంగు నీళ్లే. నీటి లాగుడు మాత్రం లేదు; కాలవ ఎగదన్ని నిలబడి ఉంది. నేను కర్ర పట్టుకుని, నడుముకి తాడు కట్టుకుని, అంచు రాళ్లు తడుముకుంటూ అవతలిదాకా నడిచి, తిరిగి వచ్చాను. నీళ్లు తొడల వరకు వచ్చాయి.

“పోనీ వదినా! దాటొచ్చు!”

వదిన మాత్రం దిగి ఇరుసు మీద చెయ్యి పెట్టింది. “కాలుతోంది. చల్లారనీ.”

“పైపులున్నాయిగా! అక్కడ చేపలు…”

“పైపులున్నాయి. సీళ్లని మాత్రం నమ్మలేం. గుంజుకునే పని దానికెందుకు పెట్టడం?”

నా జన్మలో అంత పొడుగాటి ఎదురుచూపు లేదు. ఊరికే ఉండలేక ముందు జాలీకి టార్పాలిన్ కట్టాను, నీళ్లు నేరుగా ఇంజను మీదికి కొట్టకుండా. వదిన మళ్లీ ఇరుసు తడిమి, “ఎక్కు,” అంది.

చిన్న గేరులో, నాలుగు చక్రాల మీద, ఆగకుండా, తొందరపడకుండా దించింది. చలి నీళ్లు పాదాల మీదికి వచ్చాయి, పిక్కల దాకా ఎక్కాయి. బానెట్ ముందు నీళ్లు వంపుగా లేచి రెండు పక్కలకీ విడిపోతున్నాయి. ఎక్కడో గుంటలో ఎడమ చక్రం దిగి, జనరేటర్ తాళ్లు కిర్రుమన్నాయి. వదిన కాలు క్లచ్ వైపు పోలేదు. ఇంజను ఒక్కసారి గొంతు మార్చింది. అంతే, ముందు చక్రాలు గట్టిది పట్టుకున్నాయి, ముక్కు పైకి లేచింది, జీపంతా జలజలా కారుతూ ఒడ్డెక్కింది. నేను ఏమని అరిచానో నాకు తెలీదు.

చెరువు దగ్గర అన్నయ్య మా వంక చూసి తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. జనరేటర్ అందుకుంది. గాలి మిషన్ల రెక్కలు నీటిని తెల్లగా చిమ్మాయి. చాలాసేపటికి నీటి పైన తెరుచుకుని ఉన్న వందలాది నోళ్లు పలచబడ్డాయి. కొన్ని చేపలు అప్పటికే తెల్లటి పొట్టలతో ఒడ్డుకు చేరాయి. మిగిలినవి ఒక్కొక్కటే తోకాడించి కిందికి పోయాయి. అన్నయ్య గట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

వదిన అప్పటికే స్పానరు పట్టుకుని జీపు కింద ఉంది. బోల్టు వదులు చేసి, వేలి మీద నూనె చుక్క పట్టుకుని బయటికొచ్చి నా మొహం ముందు పెట్టింది. మెరుస్తూ, నిఖార్సుగా ఉంది. మడ్డి చేతుల్తో ఉన్న వదినని అలాగే కావలించుకున్నాను.

అంతలో పక్క చెరువు రైతు గట్టు వెంట పరుగెత్తుకొచ్చాడు. “అమ్మగారూ, మా ఇంజను కూడా అవతలే ఉండిపోయిందండీ! ఒక్కసారి తెచ్చిపెడతారా?”

“ఇరుసు చల్లారగానే పోదామండీ,” అంది వదిన. అన్నయ్య లేచి, పంచె ఎగ్గట్టి, కర్ర నా చేతిలోంచి తీసుకున్నాడు.

“ఈసారి ముందు నడిచేది నేను,” అన్నాడు.