మా అత్త పంచిన తుంగ

కొత్తగా కొలువులో చేరిన ఆ రోజుల్లో ఎవరికీ కాదని చెప్పలేని మొహమాటం నాది. (ఇప్పుడు పోయిందా అంటే, మా ఇంట్లో అడగండి.) తిరువళ్లూరు దగ్గర ఒక కాలేజీ ల్యాబులో ఆరు నెలలకు తీసుకున్నారు. వరిమడుల్లో కలుపుగా మొలిచే, చూడ్డానికి ఒకేలా ఉండే రెండు జాతుల తుంగ ఒకే మడిలో ఎంత, మడికీ మడికీ ఎంత మారుతుందో జన్యువుల్లో చూసి తేల్చాలి. మూడు మడుల్లో దిగి, దూరదూరంగా ఉన్న మొక్కల నుంచి నేనే ఆకులు తెంపి తేవాలని ల్యాబు చూసే మా మేడం పదే పదే చెప్పింది. పని బాగుంటే కొలువు పొడిగిస్తానంది. పాండూరులో మా మేనత్తకు సరిగ్గా మూడు మడులున్నాయి కదా అని, తుంగ కోసం వస్తున్నానని ముందు రోజే ఫోన్ చేశాను. నా తప్పంతా అదే.

పొద్దున్నే వెళ్లేసరికి మడుల్లో తుంగ పోచ లేదు. మేనల్లుడు బురదలో దిగడమేమిటని అత్త కూలీలను పెట్టి మొత్తం పీకించి, కడిగించి, మూడు కట్టలు కట్టించి పంచలో పెట్టింది. ఇడ్లీలు వడ్డిస్తూ, చాలకపోతే పక్కవాళ్ల మడిలోనూ పీకిస్తానంది. ఆ ముఖం చూశాక, ఇది పనికిరాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మడికొక కట్ట అయ్యుంటుందిలే అని సర్దుకుని, ఆకులు తెంపి కవర్లలో వేసి చీటీలు అంటించాను.

కొన్ని వారాలకు ఫలితాలొచ్చాయి. ప్రతి మడిలోనూ బోలెడు వైవిధ్యం, మడికీ మడికీ మధ్య మాత్రం తేడా లేనే లేదు. మేడం సంబరపడి వ్యాసం మొదలుపెట్టింది. నాకు గుబులు పుట్టి, ఏ కట్ట ఏ మడిదని అత్తకు ఫోన్ చేశాను.

“యాడిదంటే ఏం చెప్పేది నాయినా, అంతా కుప్ప పోసి సమంగా మూడు కట్టలు కట్టినా. ఒగటి పెద్దది, ఒగటి చిన్నది అయితే ఆఫీసులో నీకు మాట వస్తాదని.”

రెండు రోజులు మేడం కంట పడకుండా తిరిగాను. చెబితే కొలువు పోతుంది, చెప్పకపోతే అత్త పంపకం శాస్త్రమై అచ్చులోకి ఎక్కుతుంది. మూడో రోజు మేడం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె స్క్రీన్ మీది ఫలితాలు మూసేసి, ఇంత సమంగా కలపడం మన ల్యాబులో ఎవరికీ రాదని మాత్రం అని, వ్యాసం పక్కన పెట్టేసింది. ఆరు నెలలు నిండగానే నన్ను పంపేసింది.

ఆ సాయంత్రం అత్త ఫోన్ చేసి, “మా తుంగ పనికొచ్చెనా నాయినా?” అని అడిగింది. చాలా బాగా పనికొచ్చిందత్తా, మేడం కూడా మెచ్చుకుంది అన్నాను. మేడంకు నిజం చెప్పిన ఆ కుర్రవాణ్ని తలచుకుంటే ఇప్పటికీ గౌరవమే. కానీ అత్తకు అబద్ధం చెప్పినవాడు నాకు ఇంకాస్త ఎక్కువ ఇష్టం.