ఘనపూర్ బడిలో రాయించిన పేరు

ఆరేళ్ళు వచ్చేదాకా నాకు ఒక పేరు, ఆ తర్వాత ఇంకో పేరు. మొదటిది మా బాపు ముద్దుగా పెట్టింది. రెండోది నన్ను కన్న మా అవ్వ భయపడి పెట్టింది. రెండింటిలో దేన్నీ ఇక్కడ రాయడం లేదు. ఏది రాసినా, రెండో పేరుతో పిలిచినవాళ్ళనో మొదటి పేరుతో పిలిచినవాళ్ళనో కాదన్నట్టు ఉంటుంది.

మా ఊరు జనగామకు నడిచిపోయేంత దూరం. వెట్టి చెయ్యం అని దొర ముఖం మీదే చెప్పినవాళ్ళలో బాపు ఒకడు. అట్లా దొరల మీద పోరాడే సంఘంలోకి పోయాడు. నిజాం రాజ్యం పోయి యూనియన్ మిలిట్రీ వచ్చాక పోరాటం ఆగిపోతుందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. ఆగలేదు. బాపు అడవికి పోయాడు.

ఒకరోజు పొద్దున జవాన్లు మా వాకిట్లోకి వచ్చారు. వాళ్ళకు దారి చూపించిన మనిషి మా ఊరివాడే. నన్ను పేరు పెట్టి దగ్గరికి పిలిచి, "మీ బాపు ఎప్పుడొచ్చి పోయిండు బిడ్డా?" అని అడిగాడు. నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అవ్వ ఉరికివచ్చి నా చేతిని తన గుప్పిట్లో బిగించింది. వాళ్ళు అవ్వను క్యాంపుకు తీసుకుపోయి మరునాడు సాయంత్రం వదిలిపెట్టారు. అక్కడ ఏం జరిగిందో ఆమె చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ మరుసటి రోజు ఎడమచేత్తోనే నా తల దువ్వి జడ వేసింది. కుడిచెయ్యి లేవడం లేదు.

ఆ పొద్దున్నే ఇద్దరం ఊరు విడిచాం. అవ్వ చెల్లెలు, అంటే మా చిన్నవ్వ, ఘనపూర్ దగ్గర ఉండేది. ఇప్పుడది భూపాలపల్లి జిల్లా. వరంగల్‌లో దిగితే తెలిసినవాళ్ళు చూస్తారని అవ్వ రైల్లో మానుకోట దాకా తీసుకుపోయింది. మహబూబాబాద్‌ను మేం అట్లాగే అంటాం. అక్కడి నుంచి కొంత దూరం ఎడ్లబండ్ల మీద, కొంత దూరం కాలినడకన వెనక్కి ఉత్తరానికి పోయాం. దారి పొడుగునా అవ్వ నాకు ఒకటే పాఠం చెప్పింది.

"నీ పేరేంది?"

నేను పాత పేరు చెప్పేదాన్ని. అవ్వ నెత్తి మీద మొట్టేది. మళ్ళీ అడిగేది. మూడోనాటికి కొత్త పేరు తడబడకుండా వచ్చింది.

"మీ బాపు పేరేంది?"

చిన్నబాపు పేరు చెప్పాను. చిన్నబాపు అంటే చిన్నవ్వ పెనిమిటి.

"ఎవలడిగినా గిదే చెప్పాలె. మీ బాపే వచ్చి అడిగినా గిదే. ఎరుకైందా?" అంటూ అవ్వ ఏడ్చింది.

చిన్నవ్వకు పిల్లలు లేరు. వాళ్ళిద్దరినీ అవ్వా, బాపూ అని పిలవమన్నారు. కన్నతల్లిని పెద్దవ్వా అనమన్నారు. వారం తిరిగేసరికి చిన్నబాపు నన్ను బడికి తీసుకుపోయాడు. పంతులు అడిగితే కొత్త పేరు చెప్పి, తండ్రి పేరు దగ్గర తన పేరు చెప్పి, రాసేదాకా ఆ రిజిస్టరు మీదికి వంగి చూశాడు. ఆయనకు చదువు రాదు. అయినా, "మంచిగ రాసిండు పంతులు, గుండ్రంగ," అని ఇంటికొచ్చి చిన్నవ్వకు చెప్పాడు. అవ్వ ఆ మాట విని, మర్నాడు ఒక్కతే వెనక్కి వెళ్ళిపోయింది.

జొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో నేను మంచె మీద కూర్చుని పిట్టలు కొడుతున్నాను. ఎండ బాగా ఎక్కింది. గొంగడి కప్పుకున్న ఒక మనిషి చేనుగట్టు మీద వచ్చి నీళ్ళడిగాడు. గడ్డం పెరిగి ఉంది. దిగి ముంత ఇచ్చాను. తాగి, ముంత చేతిలోనే పట్టుకుని అడిగాడు.

"నీ పేరేంది బిడ్డా?"

గొంతు వినగానే గుర్తుపట్టాను. కొత్త పేరు చెప్పాను.

"మీ బాపు పేరో?"

చిన్నబాపు పేరు చెప్పాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "మంచిగ చెప్పినవ్. ఎవలడిగినా గిట్లనే చెప్పు," అన్నాడు. ముంత నాకిచ్చి అడవి వైపు పోయాడు. ఒక్కసారి బాపూ అని పిలవాలని నోటిదాకా వచ్చింది. అవ్వ కొడుతుందని పిలవలేదు.

ఇరవై రోజులకు అవ్వ వచ్చింది. చిన్నవ్వను పెరట్లోకి తీసుకుపోయింది. ఇద్దరూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. అవ్వ బొట్టు తియ్యలేదు. తీస్తే ఎందుకని ఊరు అడుగుతుంది. బాపును ఎక్కడ కాల్చారో, ఎక్కడ పూడ్చారో మాకు ఏనాడూ తెలియలేదు.

పోరాటం ముగిసింది. అవ్వ నన్ను వెనక్కి తీసుకుపోలేదు. "ఈడ కడుపునిండ తింటున్నవ్, చదువుకుంటున్నవ్. ఆడికొచ్చి ఏం జేస్తవ్?" అంది. నేను కొత్త పేరుతోనే చదివాను. ఆ పేరుతోనే టీచరునై పెద్దవంగర వైపు ఉద్యోగంలో చేరాను. అవ్వను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పటికి ఆమె కూడా నన్ను కొత్త పేరుతోనే పిలిచేది.

కొన్నేళ్ళకు అవ్వకు జబ్బు చేసింది. దవాఖానలో మంచం పక్కన కూర్చున్నప్పుడు, మంచె దగ్గర జరిగింది మొదటిసారి చెప్పాను.

"ఆయన పేరు ఏడ రాసి లేదు బిడ్డా. సమాధి మీద లేదు, కాయితం మీద లేదు. నీ పేరు పక్కనన్న ఉండనీ," అంది అవ్వ.

నా మొదటి పేరూ, పక్కన బాపు పేరూ మళ్ళీ రాయించుకోవాలంటే ఏం చెయ్యాలని వకీలును అడిగాను. పేరుకు అఫిడవిట్, పేపరులో ప్రకటన, గెజిట్ చాలన్నాడు. తండ్రి పేరు మారాలంటే మాత్రం మానుకోట కోర్టు నుంచి ఉత్తర్వు కావాలన్నాడు. రికార్డులో తండ్రిగా ఉన్న మనిషి వచ్చి, ఈమె నా కూతురు కాదని చెప్పాలన్నాడు.

ఈ మాట చిన్నబాపుకు ఎట్లా చెప్పాలో తెలియక రెండు నెలలు పరేషానయ్యాను. చెప్పినరోజు ఆయన తాడు పేనుతున్నాడు. పేనడం ఆపకుండానే, "మా వదినె అడిగింది గదా. వస్త," అన్నాడు.

కోర్టుకు ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. బయట వకీలు కాగితం చదివి వినిపించాడు. ఈమెకూ నాకూ తండ్రీబిడ్డల సంబంధం లేదు అన్నచోట చిన్నబాపు చెయ్యెత్తి ఆపాడు.

"గట్లనే రాయాల్నా సారూ? జర, పెంచుకున్న అని రాస్తే నడువదా?"

"పెంచుకున్నవంటే దత్తత అంటరు పెద్దాయనా. కేసు నిలువదు."

లోపల జడ్జి అడిగాడు. "ఈమె నీ కూతురేనా?"

"కాదు సారూ."

"వినపడలేదు. గట్టిగా చెప్పాలి."

"కాదు," అన్నాడు చిన్నబాపు. ఆ మాట గది చివరిదాకా వినిపించింది. నేను కిటికీ వైపు చూశాను.

బయటికొచ్చాక బొటనవేలి సిరాను ధోవతికి తుడుచుకుంటూ, "ఇగ నిన్నేమని పిల్వాలె?" అని అడిగాడు.

"ఎప్పటి లెక్కనే పిలువు బాపూ," అన్నాను. సరేనన్నాడు. కానీ ఆ తర్వాత ఆయన నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. బిడ్డా అని మాత్రం అనేవాడు.

గెజిట్ చేతికి వచ్చేసరికి అవ్వ పోయి ఐదు నెలలైంది.

చిన్నబాపు పోయిన ఏడాదికి, ఆయన చెలక భూమిని చిన్నవ్వ పేరు మీదికి మార్పించడానికి ఇద్దరం మండలాఫీసుకు పోయాం. గుమాస్తా వారసుల వివరాలు అడిగాడు.

"ఒక్క బిడ్డ సారూ. గిదే మా బిడ్డ. టీచరు," అంది చిన్నవ్వ. నా రెండో పేరు చెప్పింది. ఆయన నా సర్టిఫికెట్ చూపించమన్నాడు. చూసి, పెన్ను పక్కన పెట్టాడు.

"పేరు వేరే ఉంది. తండ్రి పేరూ వేరే ఉంది. ఈమె మీ బిడ్డెట్లయితదమ్మా?"

చిన్నవ్వ నా ముఖం వైపు చూసింది. నేను చెప్తాననే ధీమాతో చూసింది. కోర్టులో ఏం జరిగిందో చిన్నబాపు ఆమెకు పూర్తిగా చెప్పలేదని నాకు అప్పుడు తెలిసింది.

"నేను వాళ్ళక్క బిడ్డను సార్. వాళ్ళకు పిల్లలు లేరు. అట్లనే రాసుకోండి," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. చిన్నవ్వ వేలిముద్ర వేసింది. బస్సు కోసం నిలబడ్డాం. ఆమె మూట విప్పి, జొన్నరొట్టె తుంచి పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.

"తిను. పొద్దున్నించి ఏం తినలే," అంది.