హారన్ కొడితే నీళ్ళొచ్చే బండి

ఈ వేలికి కట్టు చూసి ఏ తలుపు సందులోనో పడిందనుకుంటున్నారు కదూ! కాదండీ. వినగడప ఊరంతా చూస్తుండగా, పెద్ద డాక్టరు గారి ఎదురుగా, నిచ్చెన మీద నిలబడి, పరిశుభ్రమైన తాగునీటి గురించి ఉపన్యాసం ఇస్తూ ఇస్తూ కరిపించుకున్నాను. ఏం కరిచిందో అడక్కండి, వరసలో చెబుతాను. ముందు ఆ సరోజని నవ్వడం ఆపమనండి. డ్రైవరు మస్తాన్ గారు ఈవిడకి అప్పుడే సగం చెప్పేసినట్టున్నారు!

మీరు తిరువూరు వదిలి, ఈ వార్డు దాటి కదలరు గనక మన ఆస్పత్రి పల్లెటూళ్ళ బండి వైభవం మీకు తెలీదు. పేరుకి వ్యాను గానీ అది చక్రాల మీద ఇల్లు. లోపల డాక్టరమ్మకీ నాకూ మడత మంచాలు, కిరసనాయిలు స్టవ్వు, మందుల బీరువా, చేతులు కడుక్కునే తొట్టి. బండి నెత్తిన నీళ్ళ ట్యాంకు, దాన్నుంచి లోపలికి కుళాయి. మస్తాన్ గారి పడక మాత్రం బయట. ఒకసారి బయల్దేరామంటే రెండేసి వారాలు ఊళ్ళమ్మట తిరగడమే. ఆ ఇంట్లో అన్నీ ఉన్నాయి, కావలసిన గది ఒక్కటి తప్ప. ఆ లోటు ఎంత పెద్దదో తర్వాత తెలిసొచ్చింది.

ట్యాంకు బాధ్యత నాది. డాక్టరమ్మ సంగతి మీకు తెలుసుగా! "మార్తా, మనమే రోగం తెచ్చుకుంటే జనానికి ఏం మొహం పెట్టుకుని చెబుతాం?" అంటూ ప్రతి మకాములోనూ ట్యాంకు ఖాళీ చేయించి, తోమించి, నీళ్ళు గుడ్డలో వడపోయించి, బ్లీచింగు కలిపిస్తారు. పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు పట్టుకుని వాసన చూస్తారు. బ్లీచింగు వాసన రాలేదా, నా పని అయిపోయినట్టే!

తోమడమంటే అంట్లు తోమడం అనుకునేరు. ఆ ట్యాంకు మూత అన్నం పళ్ళెమంత ఉంటుంది. ఎండలో బండి మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దూర్చి బ్రష్షుతో గీకాలి. చీర సర్దుకుందామంటే రెండో చెయ్యి పట్టు కోసం కావాలి. కింద ఊళ్ళో వాళ్ళంతా తలలెత్తి చూస్తూ ఉంటారు. అయినా నోరెత్తలేదు. ఎందుకంటే నేనింకా టెంపరరీ కదా! పెద్ద డాక్టరు గారు వచ్చి బండి పని చూశాక, నన్ను పర్మనెంటు చేసేదో ఇంటికి పంపేదో తేలుస్తామన్నారు. మా అమ్మ అప్పుడే చర్చిలో ప్రార్థన కూడా పెట్టించేసింది.

ఇక అసలు సంగతి. కిందటి నెల వినగడపలో రత్తమ్మ అని ఒకావిడ ఉంది, వాళ్ళ వీధి బావి దగ్గర నీళ్ళ మీద లెక్చరు మొదలెట్టాను. వంగి చూస్తే బావిలో తాబేలు! ఆ వీధివాళ్ళు తాగేది ఆ నీళ్ళే.

"ఇదేంటి రత్తమ్మా? తాగే నీళ్ళలో తాబేలా? రోగాలొస్తాయి, తీసెయ్యండి."

"అది మా ముత్యాలు సిస్టరమ్మా! పురుగూ పుట్రా తినేసి నీళ్ళని అద్దంలా ఉంచుద్ది. దానికి లేని రోగం మాకెందుకొస్తదీ?"

నేను ఊరుకుంటానా? చార్టు విప్పాను, క్రిముల బొమ్మలు చూపించాను, గొంతు పోయేలా వాదించాను. చివరికి రత్తమ్మ విసుగెత్తి బకెట్టు దింపించి తాబేలుని పైకి తీయించింది. "ఇదిగో, నువ్వే పెంచుకో!" అని బకెట్టుతో సహా నా చేతిలో పెట్టింది. నేనేదో యుద్ధం గెలిచినట్టు బండి దగ్గరికి వచ్చాను.

వచ్చేసరికి మస్తాన్ గారు ట్యాంకు ఖాళీ చేసి బ్రష్షు పట్టుకుని నిలబడ్డారు. "రండి సిస్టరమ్మా, మీదే ఆలస్యం." నేను బ్రష్షు వంక చూశాను. ఎండ వంక చూశాను. బకెట్టు వంక చూశాను.

నిజం చెప్పొద్దూ, మా అమ్మ వాళ్ళ బావిలోనూ ఒక తాబేలుంది. నేను ఆ నీళ్ళు తాగే ఇంత దాన్నయ్యాను. ఊరి బావికి తాబేలు చెడ్డదే, ఒప్పుకుంటాను. కానీ మన ట్యాంకుకి మూత ఉంది కదా, మనం వడపోసిన నీళ్ళు కదా, దాని దారి వేరు కదా! ఇలా నాకు నేనే లెక్చరు ఇచ్చుకున్నాను. మన లెక్చరు మనకి ఎంత తొందరగా ఎక్కుతుందో!

"మా ఇంటి బావిలో కూడా ఉండేది సిస్టరమ్మా, నీళ్ళు భలే ఉండేవి" అన్నారు మస్తాన్ గారు. ఇంకేం కావాలి? ముత్యాలు ట్యాంకులోకి వెళ్ళింది. బ్రష్షు మూలకి వెళ్ళింది.

మరి బ్లీచింగు? వేస్తే తాబేలు చస్తుంది. వెయ్యకపోతే డాక్టరమ్మ నన్ను చంపుతారు. ఆలోచించి ఆలోచించి, చిటికెడు బ్లీచింగు పొడి గుడ్డలో మూటకట్టి కుళాయి మెడకి, కనపడకుండా వెనకవైపు కట్టాను. పొద్దున డాక్టరమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఊఁ, బాగుంది" అన్నారు. నా తెలివికి నాకే ముచ్చటేసింది!

గంపలగూడెంలో నీళ్ళు ఆగిపోయాయి. ట్యాంకు నిండుగా ఉంది, కుళాయి తిప్పితే చుక్క లేదు. ముత్యాలమ్మ గారు వెళ్ళి సరిగ్గా గొట్టం మూతి మీద కూర్చున్నారన్న మాట. ఏం చెయ్యాలో తోచక నిలబడితే, అప్పుడే గేదె ఏదో అడ్డొచ్చి మస్తాన్ గారు హారన్ కొట్టారు. మన బండి హారన్ తెలుసుగా, కొడితే తలుపులు కూడా వణుకుతాయి. ఆ అదురుకి తాబేలు కదిలింది, కుళాయిలో నీళ్ళు దూకాయి!

అప్పట్నుంచి అదే పద్ధతి. నీళ్ళు ఆగితే నేను దగ్గుతాను, మస్తాన్ గారు హారన్ కొడతారు, నీళ్ళొస్తాయి. ఒకరోజు డాక్టరమ్మ కిటికీలోంచి తల పెట్టి అడిగారు.

"మస్తాన్, ఆగి ఉన్న బండికి హారన్ ఎందుకయ్యా?"

"కోళ్ళు మేడమ్."

"ఆగిన బండికి కోళ్ళు అడ్డమేంటి?"

"ముందు జాగ్రత్త మేడమ్."

నెమలి అనే ఊరు చేరేసరికి అందరికీ కడుపులు చెడడం మొదలైంది. ముందు డాక్టరమ్మకి, తర్వాత మస్తాన్ గారికి, ఆ తర్వాత నాకు. ఊళ్ళకి పంచాల్సిన విరేచనాలు కట్టే బిళ్ళలు మేమే పంచుకు తిన్నాం. నీళ్ళు చూస్తే అద్దంలా ఉన్నాయి, వాటిని ఎవరు అనుమానిస్తారు? డాక్టరమ్మ బాగా ఆలోచించి, మస్తాన్ గారి అమ్మగారు పెట్టిచ్చిన గోంగూర పచ్చడి మీద నేరం మోపి జాడీతో సహా పారబోయించారు. పాపం ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అమ్మ పచ్చడి తిని ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు సిస్టరమ్మా" అని నాతో చెప్పుకున్నారు.  ట్యాంకు వంక ఒకసారి చూశాను. కానీ నిజం చెబితే ఉద్యోగం? పెద్ద డాక్టరు గారు వినగడపకి తనిఖీకి వచ్చే రోజు దగ్గర పడింది. మళ్ళీ వినగడప చేరాక ఎవరూ చూడకుండా తాబేలుని తీసేసి, బ్లీచింగు గుమ్మరించి, చేతులు దులిపేసుకుందామనుకున్నాను.

కానీ వినగడపలో ఏ కాస్త ఖాళీ దొరికినా చెంబు పట్టుకుని కందిచేలోకి పరుగే సరిపోయింది. ఒకరు వస్తుంటే ఒకరు వెళ్ళడం. దార్లో ఎదురుపడితే పలకరించుకునే ఓపిక కూడా లేదు. తనిఖీ రోజు పదింటికన్నారు, ఎనిమిదింటికల్లా పనైపోతుందని నిచ్చెన వేశాను. వేశానో లేదో, జీపు దిగింది! దేశంలో ఈ ఎమర్జెన్సీ వచ్చాక అధికారులు చెప్పిన టైముకి వస్తారని విన్నాను గానీ, ముందే వస్తారని ఎవరూ చెప్పలేదే!

ఊరు ఊరంతా చేరింది. పెద్ద డాక్టరు గారు బండెక్కి, అన్నీ చూసి, తల ఊపి, చేతులు కడుక్కుంటానన్నారు. మోచేతుల దాకా సబ్బు రాసుకున్నారు. కుళాయి ఆగిపోయింది.

నేను దగ్గాను. హారన్ మోగింది. నీళ్ళొచ్చాయి. ఆగాయి. దగ్గాను. హారన్. నీళ్ళు! ఆయన నన్నూ, కుళాయినీ, డ్రైవరు సీటునీ మార్చి మార్చి చూశారు.

"ఇదేం ఏర్పాటు సిస్టర్? హారన్‌కీ ట్యాంకుకీ కనెక్షన్ ఇచ్చారా?"

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. తీరా బయటికి వచ్చింది ఇదీ: "నీళ్ళు వృథా కాకుండా సార్."

"భేష్! బాటరీ మీద నడుస్తుందా?"

"మస్తాన్ గారు అమర్చారు సార్."

మస్తాన్ గారు తక్కువ తిన్నారా? "అంతా సిస్టరమ్మ చెప్పినట్టే చేశాను సార్" అన్నారు.

డాక్టరమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద మండుతోంది. పెద్దాయన మాత్రం ఉత్సాహంగా, "ఆ మిషను చూపించండి, అన్ని బళ్ళకీ పెట్టిద్దాం" అంటూ నిచ్చెన మీద కాలు పెట్టబోయారు. నేను ఆయన్ని దాటుకుని ఎక్కేశాను. "మీకెందుకు సార్ శ్రమ! నేను చూపిస్తాను."

నా ప్లాను ఏంటంటే, చెయ్యి లోపల పెట్టి తాబేలుని ఓ మూలకి నెట్టేసి, "గట్టిగా బిగించేశాం సార్, బయటికి రాదు" అనడం. పెట్టాను. పట్టుకుంది. అది నన్ను పట్టుకుంది!

"ఏమైంది సిస్టర్?"

"ఏం లేదు సార్... నీళ్ళు... చల్లగా ఉన్నాయి."

ఆయన జనం వైపు తిరిగి, "సిస్టర్ గారు మంచినీళ్ళ గురించి చెబుతారు, అందరూ వినండి" అనేశారు. ఏం చెయ్యను? చెయ్యి ట్యాంకులో, వేలు దాని నోట్లో, ఊరు ఎదురుగా.

"తాగే నీళ్ళు... అమ్మా... శుభ్రంగా ఉండాలి. ట్యాంకు... అబ్బబ్బా... రోజూ చూసుకోవాలి. అందులో... దేవా... ఏ ప్రాణీ ఉండకూడదు!"

కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. కింద ఆడవాళ్ళు కూడా కొంగులతో కళ్ళు ఒత్తుకోవడం మొదలెట్టారు. "ఎంత మనసు పెట్టి చెబుతుందో చూడమ్మా!" అంటోంది ఒకావిడ. ఇదంతా చూసి మస్తాన్ గారు నాకు సాయం చేద్దామనుకున్నారు. పాపం, ఆయనకి తెలిసిన సాయం ఒక్కటే. హారన్ కొట్టారు.

నేను పెట్టిన కేక గంపలగూడెం దాకా వినపడి ఉంటుంది. చెయ్యి బయటికి లాగేశాను. వేలికి ముత్యాలు వేలాడుతోంది!

 నన్ను కిందకి దింపి, చెయ్యి బకెట్టు నీళ్ళలో ముంచితే అప్పుడు వదిలింది మహాతల్లి. రత్తమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి బకెట్లోకి చూసింది.

"ఇది మా ముత్యాలు కదూ! ఏమ్మా సిస్టరమ్మా, మా బావిలో ఉంటే రోగం, మీ బండిలో ఉంటే మందా?"

భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఉద్యోగం పోయిందని ఖాయం చేసుకున్నాను. అంతలో రత్తమ్మ మొహం మారింది.

"ఉండుండు. మీరు ముగ్గురూ చెంబులు పుచ్చుకుని మా కందిచేలోకి అదే పనిగా ఉరికింది ఈ నీళ్ళు తాగేనా?"

ఇంక దాచడానికి ఏముంది? "అవును రత్తమ్మా. అదొక్కటే మారింది. నీళ్ళు అద్దంలాగే ఉన్నాయి. అయినా ముగ్గురం పడ్డాం."

"డాక్టరమ్మ కూడానా?"

డాక్టరమ్మ పళ్ళు బిగించి, "నేను కూడా" అన్నారు.

 రత్తమ్మ వీధి వాళ్ళ వైపు తిరిగింది. "మన పిల్లలకి ఎప్పుడు చూసినా కడుపులో నొప్పి, కడుపులో నొప్పి అంటే దిష్టి తీశాం కదే..." అంది. ఆ మాటకి నాకు వేలు నొప్పి పోయి ఇంకెక్కడో నొప్పి పుట్టింది. "సిస్టరమ్మా, నీకు చెప్పలేదు గానీ, ముత్యాలుని తీసుకుపోయిన సాయంత్రమే ఇంకోదాన్ని తెచ్చి వేసుకున్నాం. దాన్నీ తీసేస్తాం. ఆ తెల్ల పొడి ఏదో వేస్తానన్నావే, వచ్చి వెయ్యి."

ఆ పూట ఒక్క బావితో ఆగలేదు, పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి బతిమాలి మరీ బ్లీచింగు వేయించుకున్నారు. తాబేళ్ళు రెండూ చెరువు దారి పట్టాయి. పెద్ద డాక్టరు గారు జీపులో కూర్చుని నవ్వి నవ్వి కళ్ళజోడు తుడుచుకున్నారు. డాక్టరమ్మ మాత్రం తిరువూరు చేరేదాకా నాతో మాట్లాడలేదు. ఒక్కసారే నోరు విప్పి, "మస్తాన్, మీ అమ్మగారిని క్షమించమన్నానని చెప్పు" అన్నారు.

నిన్న ఆర్డరు వచ్చింది. పర్మనెంటు చేశారు! ఆగండాగండి, అప్పుడే స్వీట్లు అడక్కండి, డ్యూటీ ఏంటో వినండి. బండి వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ నేను నిచ్చెన ఎక్కి, ట్యాంకులో చెయ్యి పెట్టి, జరిగింది జరిగినట్టు మొదట్నుంచీ చెప్పాలట. నా చార్టులకి కదలని జనం నా కేకకి కదిలారట. అందుకని మిగతాది కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ, కేక మాత్రం తగ్గకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు!