హమాంలో పోసిన పసుపు నీళ్లు

1946, శ్రావణ మాసం, గురువారం, ముసురు. ఇంట్లో ఉన్నవారు: నాయినమ్మ, బాపు, మమ్మల్ని కన్న అవ్వ, పదిహేను రోజుల బాలింత అయిన అక్క, పసిబిడ్డ, పొద్దున బస్సులో పట్నం నుంచి సిద్దిపేటకు వచ్చిన బావ, నేను. ఈ వరుస కింద ఆనాటి డైరీలో ఇలా రాసుకున్నాను: "బావ తెచ్చిన హమాం మీద నాయినమ్మకు అనుమానం."

అప్పటిదాకా మా ఇంట్లో వేడినీళ్లంటే కాగే. పెరట్లో పొయ్యి మీద మట్టితో పాతిపెట్టిన పెద్ద రాగి పాత్ర అది. ఆ ఏడు నంగునూరు నుంచి బండిలో వచ్చిన కట్టెలు దారిలోనే తడిశాయి. పొయ్యిలో మంట కంటే పొగే ఎక్కువ. నీళ్లు కాగేలోగా, ఒంటికి నూనె రాసుకుని కూర్చున్న అక్క వణికిపోయేది. బాలింతకు చలి పడితే మళ్లీ లేవదని అవ్వ భయం. అందుకే బావ హమాం మోసుకొచ్చాడు.

అది నడుమెత్తు రాగి డబ్బా. మధ్య గొట్టంలో బొగ్గులు మండితే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. పైన గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే, పక్క ముక్కులోంచి చెంబెడు వేడినీళ్లు వస్తాయి.

"పోసుడేంది, గప్పుడే కాగి వచ్చుడేంది? అల్లుడా, గిది గారడోని డబ్బానా?" అంది నాయినమ్మ.

"పట్నంల ఇంటింటికి ఉన్నది నాయినమ్మా."

"పట్నంల ఇంటింటికి బాలింత ఉన్నదా?"

బాపు నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగాడు. నాయినమ్మ లోపలికి వెళ్లి గుప్పెడు పసుపు తెచ్చింది. చెంబు నీళ్లలో కలిపి గరాటులో పోసింది. ముక్కులోంచి వేడిగా, తేటగా నీళ్లు వచ్చాయి. పసుపు చాయ కూడా లేదు.

"నా పసుపు ఏడవోయింది?"

"సల్లనీళ్లు అడుగుకు పోతయి. పైన కాగినయి బయటికొస్తయి," అన్నాడు బావ.

"అంటే నేను పోసినయి నాకు రావన్నట్టు. ఎవ్వలియో వస్తయి. ఎవ్వలు వాడిన డబ్బా తెచ్చినవో! కాగుకైతే మూత తీస్తే కడుపు కనవడ్తది."

పొద్దున బావిలోంచి తోడి దాన్ని నింపింది నేనే. ఆ మాట చెప్పినా ఆమె వినలేదు. నేనూ ముక్కులో కన్ను పెట్టి చూశాను. లోపల చీకటి తప్ప ఏమీ కనిపించక, నాకూ కొంచెం అనుమానం పట్టుకుంది.

బావ ముఖం ఎర్రబడింది. "కొత్తదే తెచ్చిన. నమ్మకుంటే రేపు పొద్దుగాల బస్సుకు వాపస్ తీస్కపోత."

లోపలినుంచి అక్క గొంతు వినిపించింది. "ఏ నీళ్లయినా సరే, జల్ది పోయున్రి. నాకు సలి వెడ్తున్నది."

ఆ రోజు కూడా కాగు నీళ్లే పోశారు. అవి కాగేసరికి అక్క పళ్లు టకటకలాడుతున్నాయి.

మరుసటి రోజు పొద్దున బావ గోనెసంచి తెచ్చి, బరువు తగ్గాలని హమాం అడుగునున్న బిరడా తీశాడు. బండల మీదికి పసుపుపచ్చటి నీళ్లు దూకాయి. కాగు పొయ్యి ఊదుతూ దగ్గుతున్న నాయినమ్మ లేచి వచ్చింది. చేయి తడుపుకుని వాసన చూసింది.

"నా పసుపే," అంది.

ఆమె బావ చేతిలోని సంచి లాక్కుంది.

"గిన్ని నీళ్లు పారవోస్తివి. నింపు మళ్ల."

"బస్సు పోతది నాయినమ్మా."

"పోనీ."

నేను బొగ్గులు తెచ్చాను. బాలింత స్నానానికి వేసే వావిలాకు మాత్రం కాగులోనే వెయ్యాలని ఆమె పట్టుబట్టింది. హమాం నీళ్లు కాగులో పోసేసరికి అది కూడా తొందరగానే మసిలింది. బిడ్డ నిద్ర లేవకముందే అక్క స్నానం అయిపోయింది, వణుకు లేకుండా. ఆ స్నానంలో హమాం నీళ్లు నేరుగా పోసేటప్పుడు మాత్రం నాయినమ్మ ప్రతి చెంబుకూ ముందు డబ్బా ముక్కు కింద తన చేయి పెట్టి చూసుకున్నాకే అక్క మీద పోసింది.