తమ్ముడి కోసం తగ్గించిన శ్రుతి

పొన్నూరులో ఒక పెళ్లి రిసెప్షన్. రెండో చరణం పైస్థాయికి వెళ్లేసరికి మా తమ్ముడు సైదులు గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కీబోర్డు దగ్గర నేనున్నాను. తర్వాతి పాటకు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అర శ్రుతి తగ్గించాను. వాడు హాయిగా పాడేశాడు, జనం చప్పట్లు కొట్టారు. ఎవరికీ తెలియకుండా గట్టెక్కించానని నాకు లోపల గర్వంగా కూడా ఉంది. జబ్బు ఏ రోజు మొదలైందని ఎవరైనా అడిగితే ఆ రోజే చెబుతాను.

మాది చిలకలూరిపేట. ఇంటిల్లిపాదీ ఆర్కెస్ట్రా. నాన్న పెళ్లిళ్లలో నాదస్వరం ఊదేవారు. మేళాలకు పిలుపులు తగ్గాక నేను కీబోర్డు, చెల్లెలు కోరస్, సైదులు మెయిన్ సింగర్‌గా బ్యాండు కట్టాం. తొంభైల చివర్లో గుంటూరు నుంచి ఒంగోలు దాకా మేం ఎక్కని స్టేజీ లేదు. సొంత పాటలతో వేసిన క్యాసెట్ బస్టాండు టీ కొట్లలో కూడా మోగింది. పోస్టర్ మీద బొమ్మ మాత్రం సైదులుదే. అది న్యాయమే. వాడు పాడితేనే మాకు వాయించే పని.

ఆ ఏడు వాడి గొంతు బొంగురు తగ్గలేదు.

"మిరపకాయల సీజన్రా. ఊరంతా దగ్గుతోంది, వీడి గొంతొక్కటే బాగుంటుందా?" అన్నారు నాన్న.

మాకూ అదే నిజమనిపించింది. కల్లాల్లో కాయలు ఎండే రోజుల్లో గొంతు పట్టేస్తే మా వైపు ఎవరూ దాన్ని జబ్బుగా చూడరు. సైదులు కరక్కాయ బుగ్గన పెట్టుకునేవాడు, మిరియాల పాలు తాగేవాడు, స్టేజీ దిగగానే సిగరెట్ వెలిగించేవాడు. నేను రెండు మూడు నెలలకోసారి ఇంకో అర శ్రుతి తగ్గించేవాణ్ణి. పాటల పుస్తకంలో పాత శ్రుతి కొట్టేసి, కొత్తది పెన్సిలుతో తేదీ వేసి రాసుకునేవాణ్ణి. మహా తెలివైనవాణ్ణి మరి.

సీజన్ అయిపోయింది, వానలూ వచ్చాయి, గొంతు బాగుపడలేదు. మింగుతుంటే చెవిలోకి పోటు వస్తోందన్నాక గుంటూరు తీసుకెళ్లాను. ఈఎన్‌టీ డాక్టరుగారు స్కోప్ వేసి చూశారు.

"వోకల్ కార్డ్ మీద గ్రోత్ ఉంది. బయాప్సీ చేద్దాం. వాయిస్ ఎప్పట్నుంచి మారింది?"

"రెండు నెలల్నుంచండి," అన్నాడు సైదులు.

నా సంచిలో పాటల పుస్తకం ఉంది. నోరు విప్పక తప్పలేదు. "కాదండి, ఏడాది కావొస్తోంది. నేనే శ్రుతి తగ్గిస్తూ వచ్చాను."

ఆయన నేను తీసిచ్చిన పుస్తకం తిరగేసి చూశారు. "మొదట్లోనే వచ్చుంటే బాగుండేదండీ," అన్నారు నెమ్మదిగా. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

బయటికొచ్చాక తమ్ముడి మొహం చూడలేకపోయాను. వాడే అన్నాడు: "నువ్వు తగ్గిస్తుంటే నాకు తెలీదా అన్నయ్యా? నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్తే పాడొద్దంటావని భయం."

బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. రేడియేషన్ ముప్పై మూడు సిట్టింగులు. మెడ చర్మం నల్లగా మాడిపోయింది. గుక్కెడు గంజి మింగడానికి ఏడ్చేవాడు. తర్వాత గొంతు కొంచెం తేరుకుని, ఇంట్లో నాన్న ముందు ఒక పల్లవి పాడాడు. గండం గడిచిందనుకున్నాం. ఏడు నెలలకు చెకప్‌లో రికరెన్స్, జబ్బు మళ్లీ వచ్చింది అన్నారు.

"ఇక టోటల్ లారింజెక్టమీయే. ప్రాణం నిలబెట్టుకోవాలంటే వాయిస్ బాక్స్ తీసేయాలి."

సైదులు ఒక్కటే అడిగాడు. "ఈల వేయడానికి కూడా రాదాండీ?"

"రాదయ్యా," అన్నారు డాక్టరుగారు.

ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు "అన్నయ్యా" అని పిలిచాడు. ఏం కావాలిరా అన్నాను. "ఏం లేదు, ఊరికే పిలిచా," అన్నాడు. వాడి గొంతుతో నేను విన్న ఆఖరి మాట అదే. నాన్న ఆ తర్వాత నాదస్వరం ముట్టుకోలేదు.

ఇప్పుడు సైదులు మెడ దగ్గర స్టోమా అనే రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అక్కణ్ణుంచే. బ్యాండులో రిథమ్ ప్యాడ్స్ వాయిస్తున్నాడు, వాడి కూతురు షమీమ్ పాడుతోంది. మొన్న ఒక ఫంక్షన్ హాల్లో షమీమ్ గొంతు పైకి వెళ్లలేక జీరబోయింది. నా వేలు దానంతటదే ట్రాన్స్‌పోజ్ బటన్ మీదికి పోయింది. ప్యాడ్స్ ఆగిపోయాయి. సైదులు లేచి వచ్చి అందరూ చూస్తుండగా నా మణికట్టు పట్టుకున్నాడు. పాట మధ్యలోనే ఆగిపోయింది.

మర్నాడు ముగ్గురం గుంటూరు వెళ్లాం. స్కోప్‌లో భయపడేదేమీ కనబడలేదు. జలుబుతో వచ్చిన వాపు, వారం రోజులు మాట్లాడకుండా ఉంటే చాలన్నారు. అంతమందిలో పరువు తీశామని షమీమ్ మా ఇద్దరి మీదా అలిగింది. అలగనివ్వండి.

బొంగురు మూడు వారాలు దాటితే సీజన్ అని సరిపెట్టుకోకుండా ఈఎన్‌టీకి చూపించి స్కోప్ వేయించండి. మీది పాడేవాళ్లున్న ఇల్లయితే, గొంతు తగ్గుతోందని ముందుగా తెలిసేది పక్కన వాయించేవాడికే. శ్రుతి తగ్గించే ముందు ఏమైందని ఒక్క మాట అడగండి. నేను అడగలేదు.