పచ్చ అనగా ఏ రంగు

మా వియ్యంకుడు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పదవీ విరమణ పొందినవాడు. మా అబ్బాయి పెండ్లిలో నేను వధూవరులను ఆశీర్వదిస్తూ నాలుగు మాటలు చెప్పుచుండగా, నడుమ లేచి, "బావగారూ, జెర తెలుగుల చెప్పుండ్రి" అని పందిరినంతా నవ్వించినవాడు కూడా ఆయనే. తెలుగు బోధించి బ్రతికిన వానికి అంతకు మించిన అవమానం లేదు. నాటి నుండి మా నడుమ మర్యాదలే తప్ప మాటలు లేవు.

మొన్న మనుమరాలి బడిలో ప్రదర్శన. అందుకోసం అది కంప్యూటరులో ఒక ఆట కట్టింది. ఆజ్ఞలు వ్రాసిన రంగురంగుల బ్లాకులను ఒకదాని క్రింద ఒకటి తగిలిస్తే, తెరమీది కుందేలు మెట్టు నుండి మెట్టుకు ఎగురుతుంది. మెట్టు రంగు కాలికి తగిలితే నిలవాలి, తగలకుంటే పడిపోవాలి. ఆట అంతా ఆ ఒక్క నియమం మీదనే ఆధారపడి ఉంది. చూడటానికి తాతలిద్దరినీ రమ్మన్నది. నేను ముందునాడే పంచె, ఉత్తరీయం ఇస్త్రీ చేయించుకున్నాను.

ఆ ఉదయం చిలకలగూడలోని మా ఇంటికి ఆయన పెందలకడనే దిగాడు. కొడుకూ కోడలూ అప్పటికే ఆఫీసులకు వెళ్లారు. పిల్ల స్నానానికి పోతూ, మేము కొట్లాడకుండా చెరొక పని అప్పగించింది.

"తాతా, నువ్వు మెట్లకు రంగు నింపు. లాలాగూడ తాతా, నువ్వు కుందేలును నిలిపే ఆ బ్లాక్‌ల అదే రంగు పెట్టు. రెండిట్ల పచ్చనే. సరేనా?"

నేను రంగు నింపి లేచి, వంటింట్లో సన్నని మంట మీద పాలు పెట్టడానికి పోయాను. ఆయన వచ్చి కూర్చున్నాడు. ఒకరినొకరం ఏమీ అడగలేదు.

తడి జుట్టుతో వచ్చి పిల్ల ఆట మొదలుపెట్టింది. కుందేలు మొదటి మెట్టులో నుండి, పొగలో నుండి జారినట్లు జారి, తెర అడుగున మాయమైంది.

"ఏందిది? మెట్లు పసుపుగున్నయేంది?"

"పచ్చ అంటే అదే కదమ్మా" అన్నాను. "పచ్చని పసిడి అనమా? పచ్చకామెర్లు ఏ రంగువి?"

"కామెర్లు మీ కండ్లకే ఉన్నట్టున్నయి, బావగారూ" అన్నాడాయన. "పచ్చజెండా ఊపితే బండి కదుల్తది. మీ పచ్చ చూసి ఏ డ్రైవరన్న కదుల్తడా?"

"మెట్లు మీ కళ్లెదుటనే ఉన్నవి. రంగు వేరని కనబడలేదా?"

"కనబడ్డది. గడపలనుకొని పసుపు పూసిండ్రేమో అనుకున్న. అడిగితే పాఠం షురూ చేస్తరని ఊకున్న."

చూచి ఊరకున్నాడు! పిల్ల ఆట చెడినా సరే, నేను తప్పుగా తేలాలి. పచ్చ అంటే పసుపు వన్నె అనడం తప్పు కాదు. ఈనాటికీ కాదనే అంటాను.

బయట ఆటోవాడు హారన్ మోగిస్తున్నాడు. పిల్ల మమ్మల్నిద్దరినీ ప్రక్కకు నెట్టి, బ్లాకులోని రంగు గడిని నొక్కి, తెరమీది మౌసు బాణాన్ని నేరుగా మెట్టు మీద ఆనించింది. మెట్టు రంగు ఉన్నదున్నట్లు బ్లాకులోకి వచ్చేసింది. కుందేలు నిలిచింది. రంగు పేరు పలుకవలసిన అవసరమే కలుగలేదు దానికి.

"ఉండమ్మా, ఉత్తరీయం వేసుకొని వస్తాను" అన్నాను.

"వద్దు తాతా. ఇద్దరు రావొద్దు. ఆడ సుత గిట్లనే కొట్లాడుతరు. అందరి ముందల నా పరువు పోతది."

ఆటో వెళ్లిపోయింది. ఆయన మాత్రం ఇంటికి పోక, కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"జెర చాయన్న పోస్తరా, బావగారూ?"

"పాలు లేవు" అన్నాను. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న వాసన ఇద్దరికీ వస్తూనే ఉంది.